పోటూ పాటూ

జెల్ల ముల్లు దిగి ఇరవై రెండు రోజులు.
గనగళ్ళ ఎర్రయ్యమ్మ కుడిచెయ్యి
ఇంకా ఎవరిదో చెయ్యిలా ఉంది.
గాజులు కోసి తీసేశారు.
వేళ్ళ కణుపులు వాపులో మునిగిపోయాయి.
"పోటు దిగనేదు బాబూ" అంది
నేను రక్తం తీస్తుంటే.
ఫిషింగ్ హార్బర్‌లో నలభై ఏళ్ళు చేపలు కోసిన మనిషి
సూది వైపు చూడలేదు,
కిటికీలోంచి సముద్రం ఉండే దిక్కుకి చూసింది.

పెద్దాసుపత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ నాది.
ఫ్యాను చప్పుడు, స్టెయిన్ వాసన,
స్లైడు మీద ఊదారంగు గుంపు.
న్యూట్రోఫిల్స్.
ముల్లు దిగిన కాసేపటికే
రక్తనాళం గోడల సందులు దూరి వచ్చిన కుర్రాళ్ళు.
నిప్పెట్టి క్రిముల్ని చంపారు, బాగుంది.
పనయ్యాక ఇళ్ళకి పోలేదు,
అదీ గొడవ.

చాలాకాలం నేనూ అనుకున్నాను,
కట్టెలైపోతే పొయ్యి ఆరినట్టు
ఒంట్లో మంట దానంతటదే ఆరుతుందని.
కాదట.
ఆరడానికీ ఒక ఉత్తర్వు కావాలి,
ఆ ఉత్తర్వు నూనెతో రాసి ఉంటుంది.
మొదట మంటని పిలిచిన కొవ్వే
గొంతు మార్చుకుని లిపాక్సిన్ అవుతుంది.
వెనకాలే, చేపనూనెల చుట్టం, రిసాల్విన్.
పేర్లు మందులషాపు అరలా ఉంటాయి గానీ
అర్థం ఒకటే:
ఇక చాలు.

మాట పుడితే సరా, వినే చెవి ఉండాలి.
కణం గోడకి గ్రాహకాలని తలుపులుంటాయి.
వాటిలో ఒకటుంది, నాకు భలే ఇష్టం,
మంట కబురు తెచ్చినవాడూ దాన్నే తడతాడు,
చల్లబడమని చెప్పేవాడూ దాన్నే.
ఎవరు తట్టారన్న దాన్ని బట్టి
లోపల కత్తులు నూరడమో
చాపలు పరవడమో.

కబురందితే కొత్త కుర్రాళ్ళు రావడం ఆగుతుంది.
చచ్చినవాళ్ళని మాక్రోఫేజ్‌లు
ఒక్కొక్కరినే ఎత్తి మింగుతాయి,
వేలం అయ్యాక జెట్టీని
బకెట్లతో కడిగే ఆడవాళ్ళలా,
పొలుసు, పేగు, కరగని ఐసుముక్క
ఏదీ మిగల్చకుండా.
వాళ్ళకెవరూ ఫోటో తియ్యరు.

ఎర్రయ్యమ్మ ఒంట్లో ఆ కబురు పుడుతోందో లేదో,
పుట్టినా, చక్కెర పేరుకున్న గుమ్మాల దగ్గర
వినబడక తిరిగిపోతోందో.
నా మైక్రోస్కోపు చెప్పదు,
రిపోర్టులో ఆ గడి లేదు.
తెల్లకణాలు: ఎక్కువ.
అంతే రాసి సంతకం పెట్టాను.

తెల్లారి వార్డుకెళ్ళి ఇదంతా చెప్పాను,
నాకొచ్చిన భాషలో.
ఆ నూనె కవ్వళ్ళలో, కనగర్తల్లో ఉండేదేనని కూడా.
పకపకా నవ్వింది.
"జలమంతా అవే తిన్నాను గదా, మరి నాకేటి?"
నా దగ్గర జవాబు లేదు.
పులుసు మందని నేననను.

"అయినా బాబూ,
పోటొక్కటే సముద్రం సేత్తాదనుకున్నావేటి?
పాటు కూడా అదే సెయ్యాల.
నీరు ఊరికే ఎనక్కి పోదు,
లోపల్నించి ఎవులో లాగాల."

చీము తీశారు. ఇన్సులిన్ మార్చారు.
ముప్పై ఒకటో రోజు
వరండాలో నన్ను కేకేసి చెయ్యి చాపింది.
మణికట్టు మీద
సన్నటి ముడతలు,
నీరు తీసిన ఇసకలో మిగిలే గీతల్లా.
అరవై దాటిన మనిషి
తన ముడతలు చూపించి మురిసిపోవడం
అదే చూడ్డం నేను.

పిడికిలి ఇంకా సగమే మూసుకుంటోంది.
"కత్తి పట్టడానికి సాలదు" అంది,
"డబ్బులు లెక్కెట్టుకోడానికి సాల్తాది."